నొప్పి మొదలైన గంట



మా మాస్టారి పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసానికి విషయం ఎంచుకునే స్వేచ్ఛ నాకే ఇచ్చారు. మాస్టారు సర్జన్. కడుపునొప్పితో వచ్చిన మనిషి మంచం పక్కన నిలబడి మాకు పాఠం చెప్పినవారు. అందుకే కడుపునొప్పినే ఎంచుకున్నాను. క్యాజువాలిటీలో అటు నిర్లక్ష్యానికీ ఇటు అనవసరపు హడావుడికీ సమానంగా బలయ్యే కడుపునొప్పి ఒకటుంది. అది హఠాత్తుగా వచ్చే క్లోమం వాపు. డాక్టర్లు అక్యూట్ ప్యాంక్రియాటైటిస్ అంటారు. ఒక చోట దాన్ని గ్యాస్ నొప్పి అని ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపుతున్నారు. ఇంకో చోట రోగి గుమ్మం దాటీ దాటకముందే సీటీ స్కాన్ గదికి తోస్తున్నారు. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే అని నా నమ్మకం. నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో ఎవరూ గట్టిగా అడగడం లేదు.

క్లోమం జీర్ణాశయం వెనక, వెన్నెముకకు ముందు, అడ్డంగా ఉంటుంది. పొడవు దాదాపు 15 సెంటీమీటర్లు. చేత్తో తడిమితే తగలదు, మామూలు ఎక్స్‌రేలో కనబడదు. ఇన్సులిన్‌ను రక్తంలోకి వదిలేది అదే, అన్నాన్నీ పప్పునీ నూనెనీ అరిగించే ఎంజైములను పేగులోకి పంపేదీ అదే. ఆ ఎంజైముల్లో ట్రిప్సిన్ ముఖ్యమైంది. అది ట్రిప్సినోజెన్ అనే నిద్రాణ రూపంలో బయలుదేరి, పేగులోకి చేరాకే మేలుకోవాలి. గ్రంథి లోపలే మేలుకుంటే క్లోమం తనను తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది. ఈ ఆలోచనను 1896లో ప్రాగ్‌లో హాన్స్ కియారి ముందుకు తెచ్చాడు. అంతకు ఏడేళ్ల ముందు, 1889లో, బోస్టన్‌లో రెజినాల్డ్ ఫిట్జ్ ఈ జబ్బును తొలిసారి క్రమపద్ధతిలో వర్ణించాడు. అపెండిసైటిస్‌కు 1886లో ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. 1901లో జాన్స్ హాప్కిన్స్‌లో యూజీన్ ఓపీ, క్లోమనాళం పైత్యనాళంతో కలిసి పేగులోకి తెరుచుకునే చోట చిన్న పిత్తాశయపు రాయి ఇరుక్కుని ఉండటం శవపరీక్షలో చూపించాడు. కారణం దొరికింది. కానీ బతికున్న మనిషిలో జబ్బును పట్టుకునే దారి మాత్రం అప్పటికి లేదు. పొట్ట కోసి చూస్తేనో, మనిషి పోయాకనో తెలిసేది.

ఆ దారి రక్తపరీక్షతో తెరుచుకుంది. పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైమును కొలిచే పద్ధతిని 1908లో జర్మనీలో యూలియస్ వోల్గెముట్ రూపొందించాడు. 1929లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రాబర్ట్ ఎల్మన్, ఆయన సహచరులు రక్తంలో అమైలేజ్ కొలిచి క్లోమవ్యాధులను గుర్తించవచ్చని చూపారు. రక్తాన్ని రసాయనశాస్త్రంతో చదవడం అప్పుడప్పుడే ఊపందుకుంటున్న రోజులవి. ఫిట్జ్ పాఠాలు చెప్పిన హార్వర్డ్ వైద్య కళాశాలలోనే, తర్వాతి తరంలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. క్లోమానికి దానితో నేరుగా సంబంధం లేకపోయినా ఆ కాలపు ప్రయోగశాలల్లో మనవాడొకడు ఉన్నాడని ఇక్కడ తలుచుకోకుండా ఉండలేను.

అమైలేజ్ పరీక్ష వచ్చాక వైద్యులు ఆశ్చర్యపోయిన సంగతి ఒకటుంది. ఈ జబ్బు వచ్చిన వారిలో చాలామంది చావడం లేదు. అంతకుముందు శవపరీక్షల్లో చూసిన భయంకర రూపం కొందరిదే. ఇప్పటి లెక్కలో నూటికి 80 మందికి వచ్చేది తేలికరకమే. వారం లోపల కోలుకుని ఇంటికి వెళతారు. మిగిలినవారిని తొందరగా గుర్తుపట్టడమే అసలు పని.

ఇప్పుడు నిర్ధారణ సూత్రానికి వస్తాను. 1992లో అమెరికాలోని అట్లాంటాలో నిపుణులు కూర్చుని ఒక వర్గీకరణ చేశారు. దాన్ని 2012లో సవరించారు. దాని ప్రకారం మూడు ఆధారాల్లో రెండు ఉంటే నిర్ధారణ అయినట్టే. ఒకటి, ఈ జబ్బుకు తగిన నొప్పి. రెండు, కొవ్వును విడగొట్టే ఎంజైమైన లైపేజ్ గాని అమైలేజ్ గాని ఆ ల్యాబ్ గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు చేరడం. మూడు, సీటీ, ఎంఆర్ఐ, అల్ట్రాసౌండ్ వంటి చిత్రంలో తగిన మార్పులు. నొప్పి సరిపోయింది, లైపేజ్ మూడు రెట్లు దాటింది అంటే లెక్క అక్కడితో పూర్తయింది. మూడో ఆధారం కోసం ఆ రాత్రి రోగిని స్కాన్ బల్ల ఎక్కించనక్కర్లేదు. ఇంత సూటిగా రాసి ఉన్న మాటను మనం ఎందుకు పాటించడం లేదో అర్థం కాదు.

నొప్పి గురించి కొంచెం నిదానంగా చెబుతాను. ఎందుకంటే మూడు ఆధారాల్లో ఖర్చు లేనిది అదే, మనం తక్కువగా గౌరవించేదీ అదే. పై కడుపులో, బొడ్డుకు పైన, ఉన్నట్టుండి మొదలవుతుంది. అరగంటలో తారస్థాయికి చేరుతుంది, ఆ తర్వాత తగ్గదు. పేగు మెలిపెట్టినట్టు వచ్చిపోయే నొప్పి కాదు, గంటల తరబడి ఒకే తీరున ఉంటుంది. దాదాపు సగం మందిలో వీపులోకి పాకుతుంది. వాంతులవుతాయి, వాంతి అయినా ఉపశమనం ఉండదు. వెల్లకిలా పడుకోలేక ముందుకు వంగి కూర్చుంటారు. పెళ్లి భోజనం చేసి వచ్చి తెల్లవారుజామున నాలుగింటికి నొప్పితో లేచాను అని ఒక గృహిణి చెబితే ఆ నాలుగు గంటలు అనే అంకె చాలా విలువైనది. హఠాత్తుగా మొదలైన నొప్పికి గంట గుర్తుంటుంది. అడిగితే చెబుతారు.

ఆ గంట ఎందుకు కావాలో రక్తపరీక్షలే చెబుతాయి. అమైలేజ్ నొప్పి మొదలైన 6 నుంచి 12 గంటల్లో పెరుగుతుంది. మూడు నుంచి అయిదు రోజుల్లో మామూలు స్థాయికి దిగిపోతుంది. లైపేజ్ 4 నుంచి 8 గంటల్లో పెరిగి, 24 గంటలకు శిఖరం చేరి, 8 నుంచి 14 రోజుల దాకా నిలుస్తుంది. ఊళ్లో అయిదు రోజులు గ్యాస్ మాత్రలు మింగి, రెండు సెలైన్లు ఎక్కించుకుని, ఆరో రోజు మన దగ్గరికి వచ్చిన మనిషికి అమైలేజ్ ఒక్కటే చేస్తే మామూలుగా ఉంటుంది. నీకేం లేదని పంపేస్తాం. అదే మనిషికి లైపేజ్ చేస్తే ఇంకా పట్టుబడే అవకాశం ఉంది. నొప్పి మొదలైన రెండో గంటకే పరుగెత్తుకొచ్చిన మనిషిలో రెండూ మామూలుగా ఉండొచ్చు. అతనికి కొన్ని గంటల తర్వాత మళ్లీ చేయాలి. ఈ పరీక్షను రెండోసారి చేయించడానికి నా దృష్టిలో సరైన కారణం అదొక్కటే.

అమైలేజ్‌కు ఇంకా బలహీనతలున్నాయి. జెనీవా వైద్యులు 1989లో ప్రచురించిన పరిశీలనలో క్లోమం వాపు రుజువైన వారిలో 19 శాతానికి చేరిన రోజున అమైలేజ్ మామూలుగానే ఉంది. తాగుడు వల్ల వచ్చిన వాపులోనూ, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగిన వారిలోనూ ఇది మోసం చేస్తుంది. పైగా ఇది లాలాజల గ్రంథుల నుంచి కూడా వస్తుంది కనుక గవదబిళ్లల్లో పెరుగుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నా, అల్సర్ చిల్లుపడినా, పేగుకు రక్తం అందకపోయినా పెరుగుతుంది. మన పల్లెల సంగతి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు తాగి వచ్చినవారిలో అమైలేజ్ పెరగడం తరచూ చూస్తాం. అందులో కొంత లాలాజల గ్రంథులది కావచ్చు, కొందరిలో నిజంగానే క్లోమం వాచి ఉండొచ్చు. లైపేజ్ చేస్తే తేడా తెలుసుకోవడం సులువవుతుంది.

లైపేజ్‌దీ కొత్త కథేం కాదు. అమెరికాలో చెర్రీ, క్రాండల్ దాన్ని 1932లోనే కొలిచారు. కానీ వాళ్ల పద్ధతిలో సీరమ్‌ను ఆలివ్ నూనెతో కలిపి 24 గంటలు వెచ్చగా ఉంచాలి. అత్యవసర విభాగంలో అంతసేపు ఎవరు ఆగుతారు? అందుకే దశాబ్దాల పాటు అమైలేజే రాజ్యమేలింది. ఇప్పటి యంత్రాలు లైపేజ్‌ను నిమిషాల్లో చెబుతున్నాయి. అయినా పాత అలవాటు కొద్దీ రెండూ కలిపి రాస్తున్నాం, రోజూ రాస్తున్నాం. లైపేజ్ 3000 ఉన్నంత మాత్రాన జబ్బు తీవ్రమని కాదు, 400 ఉంటే తేలికని కాదు. ఈ అంకె జబ్బు ఉందో లేదో చెప్పడానికే. ఎంత ఉందో చెప్పడానికి కాదు. రోజూ చేయించి, తగ్గుతోందని చుట్టాలకు చూపించడం వాళ్ల జేబుకు చిల్లు తప్ప వైద్యం కాదు. కిడ్నీ జబ్బు, పిత్తాశయం వాపు, పేగు అడ్డుపడటం, డయాబెటిక్ కీటోయాసిడోసిస్ వంటి వాటిలో లైపేజ్ కూడా పెరగగలదన్నది గుర్తుంచుకుంటే చాలు. అందుకే మూడు రెట్లు అన్న గీత గీశారు.

ఈ అంకెలన్నిటికంటే ముందు చేయవలసింది ఈసీజీ. గుండె కింది గోడకు వచ్చే గుండెపోటు పై కడుపు నొప్పిగా, వాంతులుగా రావచ్చు. ఈసీజీ తీయకుండా లైపేజ్ కోసం ఎదురుచూసిన గంట రోగి ప్రాణం తీయవచ్చు. నిలబెట్టి తీసిన ఛాతీ ఎక్స్‌రేలో డయాఫ్రమ్ కింద గాలి కనిపిస్తే అది చిల్లుపడిన పేగు, సర్జన్‌ను పిలవాలి. అదే ఎక్స్‌రేలో ఎడమ వైపు ఊపిరితిత్తి చుట్టూ నీరు కనిపిస్తే క్లోమం మీద అనుమానం బలపడుతుంది. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఏ స్త్రీకైనా గర్భపరీక్ష చేయాలి. నొప్పి భరించలేనంత ఉండి, తడిమితే కడుపు మెత్తగా ఉన్న వృద్ధుడిలో పేగుకు రక్తం ఆగిపోయిందేమో ఆలోచించాలి.

లైపేజ్‌కు పంపే రక్తంలోనే ఇంకొన్ని పరీక్షలు ఆ మొదటి గంటల్లోనే చేయాలి. తర్వాత చేస్తే జవాబు మారిపోతుంది. ట్రైగ్లిజరైడ్లు 1000 మిల్లీగ్రాములు దాటితే అవే వాపుకు కారణం కాగలవు. కానీ రోగిని పస్తుంచి సెలైన్ పెట్టాక అవి వేగంగా దిగిపోతాయి. మూడో రోజు పంపిస్తే 400 అని వస్తుంది, కారణం చేజారిపోతుంది. సీరమ్ పాలలాగా తెల్లగా ఉందని ల్యాబ్ టెక్నీషియన్ ఫోన్ చేస్తే ఆ మాటను కేస్ షీట్‌లో రాసుకోవాలి. అలాంటి రక్తంలో అమైలేజ్ తప్పుగా తక్కువ చూపవచ్చు. కాలేయపు ఎంజైమైన ఎస్‌జీపీటీ కూడా అంతే. మొదటి 48 గంటల్లో అది 150 దాటితే పిత్తాశయపు రాయే కారణమని గట్టిగా అనుమానించవచ్చు. రాయి జారిపోయాక అది కూడా దిగిపోతుంది. కాల్షియం, చక్కెర, యూరియా, క్రియాటినిన్, హెమటోక్రిట్ ఎలాగూ చేస్తాం.

అల్ట్రాసౌండ్ మాత్రం ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చేయాలి. క్లోమాన్ని చూడటానికి కాదు. పేగులు గాలితో ఉబ్బి ఉండటం వల్ల చాలామందిలో క్లోమం సరిగా కనబడదు. క్లోమం కనబడలేదన్న రిపోర్ట్ చూసి జబ్బు లేదనుకోవడం పెద్ద ప్రమాదం. మనం వెతికేది పిత్తాశయంలో రాళ్లను, పైత్యనాళం వెడల్పును. రాళ్లు ఉన్నాయని తేలితే వైద్యం దారి మారుతుంది. నెదర్లాండ్స్‌లో జరిగి 2015లో ప్రచురితమైన పోంచో అధ్యయనంలో, తేలికపాటి వాపు వచ్చినవారికి ఆ చేరికలోనే పిత్తాశయం తీసేస్తే మళ్లీ ఆస్పత్రి పాలవడం వంటి సమస్యలు 17 శాతం నుంచి 5 శాతానికి తగ్గాయి. నొప్పి తగ్గింది కదా, పండగయ్యాక రండి అని పంపడం ఎంత ఖరీదైన మాటో ఈ అంకెలు చెబుతున్నాయి.

ఇక సీటీ. ఇది గొప్ప పరికరం. 1985లో న్యూయార్క్‌లో ఎమిల్ బాల్తజార్ సీటీ చిత్రాలతో ఈ జబ్బు తీవ్రతకు మెట్లు కట్టాడు. 1990లో క్లోమం ఎంత మేర చచ్చుబడిందో కూడా కలిపి పది మార్కుల సూచీగా తీర్చిదిద్దాడు. కానీ ఆ చచ్చుబడిన భాగం మొదటి రోజు చిత్రంలో పూర్తిగా తేలదు. నొప్పి మొదలైన 72 నుంచి 96 గంటల తర్వాతే కాంట్రాస్ట్ సీటీ నిజం చెబుతుంది. మొదటి రాత్రి తీసిన స్కాన్‌లో తేలికపాటి వాపు అని రాసి ఉంటుంది. ఆ కాగితం చూసి ఇంటివాళ్లు ధైర్యం తెచ్చుకుంటారు, డ్యూటీ డాక్టరు కూడా తెచ్చుకుంటాడు. నాలుగో రోజు రోగి ఊపిరి అందక ఐసీయూలో ఉంటాడు. అప్పుడు మళ్లీ స్కాన్, మళ్లీ కాంట్రాస్ట్. నీరు తగ్గిపోయి అప్పటికే కిడ్నీలు అలసిన మనిషికి ఆ మందు ఎక్కించడం చిన్న విషయం కాదు.

అలాగని మొదటి రోజు సీటీ ఎప్పుడూ వద్దనడం లేదు. నొప్పికీ రక్తపరీక్షకూ పొత్తు కుదరనప్పుడు, ఆలస్యంగా వచ్చి ఎంజైములు దిగిపోయిన రోగిలో, పొట్ట బల్లలా బిగిసినప్పుడు, పేగుకు రక్తం ఆగిందన్న అనుమానం ఉన్నప్పుడు ఆ రాత్రే తీయాలి, ఆగకూడదు. వైద్యం మొదలుపెట్టి రెండు మూడు రోజులైనా తేరుకోని రోగికి కూడా తీయాలి. 40 దాటిన మనిషిలో ఏ కారణమూ దొరక్కపోతే క్లోమంలో కణితి ఉందేమో తర్వాతి రోజుల్లో వెతకాలి. నాళంలో రాయి మిగిలిందన్న అనుమానానికి ఎంఆర్‌సీపీ, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ ఉన్నాయి. ఏ ప్రశ్నకు జవాబు కోసం తీస్తున్నామో స్కాన్ కాగితం మీద ఒక వాక్యం రాయగలిగితే తీయండి. రాయలేకపోతే ఆగండి.

మరి ఎవరు విషమిస్తారో మొదటి రోజు తెలిసేదెలా? స్కాన్‌తో కాదు, మంచం పక్కనే తెలుస్తుంది. న్యూయార్క్ సర్జన్ జాన్ రాన్సన్ 1974లో ఇచ్చిన 11 గుర్తుల పట్టికకు 48 గంటలు ఆగాలి. 2008లో వచ్చిన బైసాప్ లెక్క 24 గంటల్లోనే అవుతుంది. యూరియా నైట్రోజన్ 25 దాటడం, స్పృహలో తేడా, నాడి, ఊపిరి, జ్వరం, తెల్లకణాల్లో మార్పులు, 60 దాటిన వయసు, ఊపిరితిత్తి చుట్టూ నీరు. ఇందులో ఏదీ మండల స్థాయి ఆస్పత్రికి అందనిది కాదు. ఏ అవయవమైనా విఫలమై 48 గంటలు దాటినా తేరుకోకపోతే అది తీవ్రమైన జబ్బు. ఆ గడియారం మొదలైన క్షణం మనకు తెలిసి ఉండాలి.

ద్రవాల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. ఇదివరకు బాటిళ్ల మీద బాటిళ్లు ఎక్కించేవాళ్లం. 2022లో ప్రచురితమైన వాటర్‌ఫాల్ అధ్యయనం స్పెయిన్, ఇటలీ, మెక్సికోలతో పాటు మన దేశంలోనూ జరిగింది. 249 మంది దగ్గరే దాన్ని ఆపేయాల్సి వచ్చింది. దూకుడుగా ద్రవాలు ఇచ్చినవారిలో 20.5 శాతానికి ఒంట్లో నీరు ఎక్కువై ఇబ్బంది వచ్చింది, మితంగా ఇచ్చినవారిలో 6.3 శాతానికే వచ్చింది. జబ్బు తీవ్రత మాత్రం తగ్గలేదు.

నన్ను బాధించే ఇంకో విషయం ఉంది. మగ రోగి, పేదవాడు, నోటి దగ్గర వాసన ఉందంటే చాలు, కేస్ షీట్ మీద తాగుడు అని రాసి కారణం వెతకడం ఆపేస్తాం. తాగేవాడికి పిత్తాశయంలో రాళ్లు ఉండవా? ట్రైగ్లిజరైడ్లు పెరగవా? వాడే మందుల వల్ల రాదా? శ్రీనగర్‌లో మహమ్మద్ ఖురూ, ఆయన సహచరులు ఏలికపాములు పైత్యనాళంలోకి దూరి క్లోమం వాపు తెచ్చిన రోగులను ఎందరినో చూశారు. రోగి చరిత్ర మీద తీర్పు ఇచ్చి ఊరుకుని ఉంటే ఆ పాములు వాళ్లకు కనపడేవి కావు. అలాగే ఆడవాళ్లను తాగుతారా అని అడగడానికి మొహమాటపడతాం. గౌరవంగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడిగితే చెబుతారు. కారణం తెలియని రోగి అదే జబ్బుతో తిరిగి వస్తాడు.

2005 ఆగస్టులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్స్ వాహనాలు ఊరికీ ఆస్పత్రికీ మధ్య దూరాన్ని తగ్గించాయి. కానీ రోగి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర, ఆ తర్వాత పట్నంలో ఒక నర్సింగ్ హోమ్‌లో, చివరికి పెద్దాస్పత్రిలో మూడు చేతులు మారేసరికి నొప్పి మొదలైన గంట ఎక్కడో జారిపోతోంది. చివర్లో చూసేవాడికి ఆస్పత్రిలో చేరిన సమయమే మిగులుతోంది. లైపేజ్ లెక్క, ఎస్‌జీపీటీ లెక్క, సీటీ లెక్క అన్నీ ఆ తప్పు గంట నుంచే మొదలవుతున్నాయి.

అందుకే ఇక్కడున్న ఆస్పత్రి యాజమాన్యాలను రెండు కోరుతున్నాను. లైపేజ్ పరీక్ష రాత్రి పూట కూడా జరిగేలా చూడండి, దానితో పాటే అమైలేజ్ రాసే అలవాటు మాన్పించండి. ఇక హౌస్ సర్జన్లకు నా విన్నపం ఇది. రేపు ఉదయం నుంచే మొదలుపెట్టండి. కేస్ షీట్ మొదటి వరుసలో, పేరు, వయసు పక్కనే, నొప్పి మొదలైన తేదీ, గంట రాయండి. ట్రైగ్లిజరైడ్లకు, ఎస్‌జీపీటీకి రక్తం మొదటి సూదితోనే పంపండి. రోగిని ఇంకో ఆస్పత్రికి పంపవలసి వస్తే ఆ గంటను రెఫరల్ చీటీ మీద కూడా రాసి, ఇంటివాళ్ల చేతికి ఇచ్చి, అక్కడి డాక్టరుకు ముందుగా ఇదే చూపించమని చెప్పండి.